బానెట్ ఎత్తని గవిరయ్య

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు. కొండలకు తారు దారులు వచ్చి, ఫోన్లు ఇంకా రాని కాలం. అప్పుడు ఒక కొండ మీద ఒక ఊరు. ఆ ఊళ్లో రెండే కార్లు. ఒకటి గవిరయ్యది, రెండోది సత్తెయ్యది. ఇద్దరూ వరసకు బావలు.

గవిరయ్య కారు కొన్నది షికారుకు కాదు. అతని భార్య పైడమ్మకు తొలి కాన్పు డోలీలో అయింది. కర్రకు కట్టిన దుప్పట్లో ఆమెను మోసుకుని నలుగురు కొండ దిగుతుండగా, ఆస్పత్రి చేరకముందే బిడ్డ పోయింది. పదకొండేళ్ల తరవాత పైడమ్మ మళ్లీ నెల తప్పింది. ఈసారి బిడ్డను దారిలో పోగొట్టుకోకూడదని గవిరయ్య తన జీడితోట అమ్మి కారు తెచ్చాడు. నొప్పులు వచ్చిన రోజున ఆ కారు కదలాలి. అతను కోరింది అంతే.

కారు వచ్చిన రోజు పూజారి బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక వేసి, మూత అంచున బంతిపూల దండ కట్టాడు. ఆ మూత ఎత్తితే పూజ చెదురుతుందని, చెదిరితే బిడ్డకు కీడని గవిరయ్య తనకు తానే అనుకున్నాడు. పూజారి ఆ మాట అనలేదు. ఎవరూ అనలేదు. అయినా గవిరయ్య ఆనాటి నుంచి బానెట్ ముట్టలేదు. శుక్రవారం వస్తే పాత బొట్టు మీదే కొత్త బొట్టు దిద్ది, పాత దండ మీదే కొత్త దండ వేసేవాడు.

పైపైన మాత్రం అతని శ్రద్ధకు లోటు లేదు. తెల్లవారేసరికి కారు కడిగేవాడు. మెత్తని పాత పంచెతో తుడిచేవాడు. టైర్లకు కొబ్బరినూనె రాసేవాడు. సీట్ల సందుల్లో దుమ్మును కోడి ఈకతో తీసేవాడు. ఊరివాళ్లు దాని తలుపులో ముఖం చూసుకుని తల దువ్వుకునేవారు.

సత్తెయ్య కారుకు రంగు వెలిసింది, తలుపుకు సొట్ట పడింది. దున్నపోతు కుమ్మి వదిలేసిన బండి అని గవిరయ్య అంటే సత్తెయ్య కూడా నవ్వేవాడు. కాని ప్రతి ఆదివారం ఇంజను చల్లారాక బానెట్ ఎత్తేవాడు. ఎండుటాకులు ఏరి, బ్రష్షుతో దుమ్ము దులిపి, పొడిగుడ్డతో ఒక్కొక్క వైరు తుడిచేవాడు. బ్యాటరీ కొసల మీద పేరుకున్న తెల్లని బూజును సోడా ఉప్పుతో కడిగి ఆరబెట్టేవాడు. ఎలుకలు రాకుండా మూలల్లో పొగాకు కాడలు పెట్టేవాడు. ఆ పని చూడటానికి ఎవరూ నిలబడేవారు కాదు.

పైడమ్మకు ఆరో నెలలో కారులో మాడు వాసన వచ్చింది. ఏదో కాలుతోందని ఆమె చెప్పింది. గవిరయ్య అత్తరు సీసా తెచ్చి అద్దం ముందు పెట్టాడు.

ఏడో నెలలో ఒక ఉదయం కారు కదలలేదు. సత్తెయ్య వచ్చి, బ్యాటరీ చూద్దాం, మూత తియ్యమన్నాడు. గవిరయ్య ఒప్పుకోలేదు. దిష్టి తగిలిందని కొత్త నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి, నలుగురిచేత తోయించాడు. కారు కదిలింది. నిమ్మకాయల మీద అతని నమ్మకం ఇంకా పెరిగింది.

ఎనిమిదో నెలలో సీటు మీద ఎలుక పెంటికలు కనిపించాయి. ఈసారి సత్తెయ్య గట్టిగానే అడిగాడు.

"బావా, ఎలుక వైర్లు కొరుకుతుంది. ఒక్కసారి తీసి చూడు."

"ఎలుక వినాయకుడి వాహనం బావా. వాహనంలో వాహనం. మంచిదే గదా!"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. సత్తెయ్య నవ్వలేదు. చెల్లెలికి నెలలు నిండుతున్నాయి, నేను సంతకు పోకుండా నా బండి సిద్ధంగా ఉంచుతానన్నాడు. సొట్ట బండిలో నా భార్య ఎక్కదని గవిరయ్య జవాబిచ్చాడు.

తొమ్మిదో నెలలో, ఒక ముసురు పట్టిన ఉదయం, పైడమ్మకు నొప్పులు మొదలయ్యాయి. సత్తెయ్య అప్పటికే పసుపు బస్తాలతో కింద సంతకు వెళ్లిపోయాడు. గవిరయ్య భార్యను కారులో కూర్చోబెట్టి దండం పెట్టి బయలుదేరాడు.

కొండ దిగే దారి ఒకచోట కొంత ఎగువకు ఎక్కుతుంది. సరిగ్గా అక్కడ బానెట్ కింద నుంచి పొగ వచ్చింది. ఇంజను ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్లీ పలకలేదు.

అప్పుడు గవిరయ్య బానెట్ ఎత్తబోయాడు. దాన్ని తెరిచే మీట ఎక్కడుందో అతనికి తెలియదు. వెతకడానికే చాలాసేపు పట్టింది. మూత లేచాక చూస్తే లోపల ఎండుటాకులు, వాడిన బంతిపూలు, పీచుపీచైన పాత పంచె ముక్కలు. వాటి మధ్య కళ్లు తెరవని ఎలుక పిల్లలు. చుట్టూ కొరికిన వైర్లు, రాగి బయటపడి నల్లగా కాలి ఉన్నాయి.

దారిలో మనిషి లేడు. వాన ఆగలేదు. పైడమ్మ ఏడవలేదు. పెదవి కొరుక్కుంటూ, ఇంకా ఎంతసేపని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు.

రెండు గంటలు గడిచాక సత్తెయ్య కారు సంత నుంచి తిరిగి వస్తూ కనిపించింది. అతను పైడమ్మను ఎక్కించుకుని, బండి తిప్పి, ఎక్కడా ఆపకుండా ఆస్పత్రికి చేర్చాడు. పైడమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ. అరగంట ముందు వచ్చి ఉంటే బతికేవాడని నర్సమ్మ చెప్పింది.

ఆ తరవాత గవిరయ్య సత్తెయ్య దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడు. ఆదివారం వస్తే బానెట్ ఎత్తి ఆకులు ఏరేవాడు, వైర్లు తుడిచేవాడు. ఒక్క వారం తప్పలేదు. ఇంజను చక్కగా పలికేది. ఎక్కించుకుపోవడానికి మాత్రం ఇంట్లో మళ్లీ ఎవరికీ నెలలు నిండలేదు.

ఒక ఆదివారం అతను చేతులకు నల్ల మడ్డితో గడపలో కూర్చుని, రోజూ కడిగాను గదే, ఒక్కనాడైనా మానలేదు గదే అన్నాడు.

పైడమ్మ జవాబిచ్చింది. "కడిగావయ్యా. నలుగురు చూసే చోటే కడిగావు."

పిల్లలూ, పైమెరుగు చూసి పొగిడేవాళ్లు ఊరంతా ఉంటారు. ఆపద వేళ మనల్ని మోసేది మాత్రం ఎవరూ చూడని చోట మనం చేసుకున్న శుభ్రమే.