చందా తిరిగిచ్చిన ఆదివారం

ఎవరు ఏ సందేహం అడిగినా రంగాచార్యులు గారు కూర్చుని జవాబు చెప్పరు. "బండి తియ్యి, వెళ్తూ చూద్దాం" అంటారు. విశాఖపట్నంలో ఎంతోమందికి కారు నడపడం నేర్పిన మనిషి. మా మనవడు వల్లభుడికీ ఆయనే గురువు. వాడికి నలభై దాటినా, ఏదైనా తోచకపోతే ఇప్పటికీ ఆయన అరుగు మీదికే పరుగెడతాడు.

వల్లభుడు పాత కార్ల సంఘానికి కోశాధికారి. పాత కార్లంటే పడిచచ్చేవాళ్లంతా కలిసి ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నారు. నెలనెలా చందాలు వేసుకుని అద్దె కడతారు. ఆదివారం పూట కార్లన్నీ వరసగా భీమిలి దాకా నడిపి వస్తారు. ఈ మధ్య చందా అడిగితే "రేపు" అనడమే గానీ ఇచ్చినవాడు లేడు. ఇచ్చింది పేరయ్య గారొక్కరే. చిత్రమేమిటంటే, ఆయనకిప్పుడు కారే లేదు. భార్య వైద్యానికి అమ్మేశారు. కారు లేనివాడు సభ్యుడు కాడని సంఘం నియమం.

"గురువుగారూ, నాకేం పాలుపోవడం లేదు" అన్నాడు వల్లభుడు. "కట్టవలసినవాళ్లు కట్టరు. కట్టనక్కరలేని మనిషి కట్టాడు. ఆయన పేరు తీసేసి డబ్బు తిరిగిచ్చెయ్యమని మీటింగులో తీర్మానించారు. ఇచ్చేస్తే పెట్టె ఖాళీ. ఇవ్వకపోతే నియమం పోతుంది. అసలు సంఘమంటే ఎవరండీ?"

"తీర్మానం ప్రకారమే చెయ్యి" అన్నారాయన. "ఆదివారం నేనూ బండెక్కుతాను. మీ అమ్మమ్మనీ తీసుకురా."

మేం వెళ్లేసరికి రోడ్డు మీద కార్లన్నీ వరసగా నిలబడి దడదడలాడుతున్నాయి. వల్లభుడిది ఒక్కటే షెడ్డులో మిగిలింది. పేరయ్య గారు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు. వల్లభుడు తలవంచుకుని డబ్బు చేతిలో పెట్టి, తీర్మానం సంగతి చెప్పాడు. ఆయన లెక్కపెట్టలేదు. మడిచి జేబులో వేసుకున్నారు.

"ఇంట్లో ఆదివారం తోచదు బాబూ. బయట నుంచుని చూడొచ్చుగా?"

వల్లభుడు వినపడనట్టు కారెక్కాడు. గురువుగారూ నేనూ వెనక సీట్లో కూర్చున్నాం. వాడు తాళం తిప్పాడు. బండి మూలిగింది. మళ్లీ తిప్పాడు. మూలగడం కూడా మానేసింది.

"ఒరేయ్, ఎవరైనా వచ్చి ఒక్క తోపు తోయండ్రా!" అని అరిచాడు.

"దిగితే నాది ఆగిపోతుందిరా!" అన్నాడు ముందు కారాయన. ఆ వెనకాయన తల బయటపెట్టి, "నా కాలు తీస్తే ఇది మళ్లీ వచ్చే ఆదివారమే లేచేది. నువ్వే దిగి తోసుకో, కోశాధికారీ!" అని నవ్వాడు. పాత బండ్లు కదా, యాక్సిలరేటరు మీద కాలు తీస్తే చాలు, చల్లబడిపోతాయట. అంతమంది మనుషులు, ఒక్కరికీ కాలు ఖాళీ లేదు.

"మరి ప్రతి ఆదివారం ఎవరు తోస్తార్రా?" అన్నాను.

"ఏమో అమ్మమ్మా. నేను ముందుకు చూస్తుంటాను కదా" అన్నాడు వాడు.

నేను వెనక అద్దంలోంచి చూశాను. పేరయ్య గారు వచ్చి నిలబడ్డారు. చేతులు చాచారు గానీ కారుకు తాకించలేదు.

"బాబూ, నేనిప్పుడు సభ్యుణ్ణి కాను కదా. ముట్టుకోవచ్చా?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగారు. వల్లభుడు తల ఊపాడో, తల దించుకున్నాడో నాకు తెలియలేదు. పేరయ్య గారికి మాత్రం తెలిసినట్టుంది. షెడ్డు ముందు వాలు దాకా భుజం ఆనించి తోశారు. బండి దగ్గి, లేచింది.

వల్లభుడు దిగబోయి, కాలు గుర్తొచ్చి ఆగిపోయాడు. ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు యాక్సిలరేటరు మీద. పక్క తలుపు తీసి, చెయ్యి చాచాడు. పేరయ్య గారు ఆ చేతిని చూశారు, జేబు తడుముకున్నారు, డబ్బు తీసి వాడి చేతిలో పెట్టి, ముందు సీట్లో కూర్చున్నారు. వాడు అడిగింది డబ్బో, మనిషినో నాకిప్పటికీ తెలియదు.

కార్లు కదిలాయి. కొంతదూరం పోయాక వల్లభుడు అద్దంలో గురువుగారిని చూస్తూ, "మరి చందా కట్టని వీళ్లందరినీ ఏం చెయ్యమంటారండీ? నియమాన్నేం చెయ్యను?" అన్నాడు.

రంగాచార్యులు గారు కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నారు.

"భీమిలి రానీ నాయనా. ఇప్పుడు కాలు తియ్యకు."