కూత ఆగిన తర్వాత

"గురువుగారూ, నా సేవలో లోపం ఉంటే నాకెలా తెలుస్తుంది?" అని అడిగాడు సుదర్శనం.

బొబ్బిలి దగ్గర ఒక చిన్న ఆశ్రమంలో అతను పరాంకుశయ్య గారి శిష్యుడు. ఆశ్రమం నడిపే వృద్ధుల వసతి గృహం అతని చేతుల్లోనే ఉంది. పరాంకుశయ్య గారికి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "ఆదివారం పెద్దవాళ్లకు ఆటలు పెడుతున్నావు కదా, నేనూ వచ్చి కూర్చుంటాను" అన్నారు.

సుదర్శనం నియమం తప్పని మనిషి. ఎవరూ పడకూడదు, ఎవరికీ ఆయాసం రాకూడదు, ఎవరూ ఓడి చిన్నబుచ్చుకోకూడదు అనుకున్నాడు. బంతిని కూర్చున్న చోటి నుంచే దొర్లించాలి. చెంచాలో నిమ్మకాయతో నడవడం మానిపించి, చేతి నుంచి చేతికి అందించుకోమన్నాడు. కుర్చీలాటలో కుర్చీలు తియ్యకూడదన్నాడు.

"కుర్చీ తియ్యకపోతే అది ఆటేటి బాబూ? పంక్తి భోజనం గానీ!" అంది తవిటమ్మ. అక్కడున్న ఆడవాళ్లలో ఆవిడకే కాస్త నోరుంది.

గవరయ్య మాత్రం చెడుగుడు కావాలన్నాడు. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరున్న ఆటగాడు. భార్య పోయాక ఇక్కడికి వచ్చాడు. నాడి చూసే నర్సు, గడ్డం గీసే మంగలి తప్ప అతన్ని ముట్టుకునేవాళ్లు లేరు. అందులో ఎవరి తప్పూ లేదు. రోజులు అలా గడిచిపోయాయి.

"ఈ వయసులో చెడుగుడెందుకు తాతా?" అని సుదర్శనం అడిగాడు.

"కూతకెల్తే నలుగురూ మీద పడిపోయేవోరు బాబూ" అన్నాడు గవరయ్య. అంటున్నప్పుడు అతని చేతులు వాటంతటవే కాస్త ముందుకు వచ్చాయి.

మంచి చేస్తున్నానన్న నమ్మకం ఒక్కోసారి చెవులు మూసేస్తుంది. సుదర్శనానికి ఆ మాటలో ప్రమాదం ఒక్కటే వినిపించింది. ఆటను మార్చాడు. ఎదుటి జట్టు వరసగా కుర్చీల్లో కూర్చుంటుంది. కూతకు వెళ్లినవాడు కర్ర ఊతంతో నడిచి, కుర్చీలకు కట్టిన రిబ్బన్లు తాకి తిరిగి రావాలి. "ఎవరూ నిన్ను పట్టుకోరు తాతా, భయం లేదు" అని ధైర్యం కూడా చెప్పాడు.

గవరయ్య ఆ వారమంతా సాయంత్రాలు వరండాలో గోడవైపు తిరిగి కూర్చుని కూత సాధన చేశాడు.

ఆదివారం వచ్చింది. గవరయ్య పంచె ఎగ్గట్టి, "చెడుగుడు చెడుగుడు" అంటూ గీత దాటాడు. గొంతు సన్నమే గాని కూత తెగలేదు. ఒక రిబ్బను తాకాడు. రెండోదీ తాకాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక తిరిగి రావడమే మిగిలింది.

అతను రాలేదు. ఎదుటి జట్టు కుర్చీల్లో కూర్చున్న తవిటమ్మ ముందు నిలబడి, కూత పెడుతూనే ఉన్నాడు.

"వచ్చెయ్ తాతా, గెలిచావు!" అని సుదర్శనం కేకేశాడు.

గవరయ్య కదల్లేదు. ఊపిరి తరిగి, కూత గుసగుసలోకి దిగింది.

"పట్టీమంటావేటి గవరన్నా?" అంది తవిటమ్మ.

"అమ్మా, పట్టకూడదు" అన్నాడు సుదర్శనం.

"నువ్వూరుకో బాబూ. గవరన్న అడగతన్నది నన్ను, నిన్ను కాదు."

ఆవిడ ముందుకు వంగి గవరయ్య మణికట్టు పట్టుకుంది. పక్క కుర్చీలోని సూరన్న మోచెయ్యి అందుకున్నాడు. చివర ఉన్నవాళ్లు కుర్చీలు ఈడ్చుకుంటూ దగ్గరికొచ్చారు.

"గట్టిగా పట్టండర్రా, జారిపోయే రకం!"

"ఏటి పట్టడం, అన్నీ ఎముకలే!"

ఒకరు నడుము, ఒకరు భుజం, ఒకరు పంచె చెంగు. కర్ర జారి కింద పడింది. అన్ని చేతుల మధ్య మనిషి మాత్రం పడలేదు. కూత ఆగిపోయింది. ఆట నియమం ప్రకారం గవరయ్య ఓడినట్టే. అతను కళ్లు మూసుకున్నాడు.

"ఒదలకండర్రా" అన్నాడు, పక్కవాళ్లకు మాత్రమే వినిపించేటంత మెల్లగా.

సుదర్శనం కంగారుగా ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఆట ముగిసిందని చెప్పి వాళ్లను విడదీయాలి. ఇంతలో, పొద్దుటి నుంచి వెనక కూర్చుని చూస్తున్న పరాంకుశయ్య గారు లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నారు.

"తొందరేమిటి నాయనా? కాసేపు ఓడిపోనీ."