అంకమ్మ వేసిన మార్కులు

డాక్టర్ హైమవతిగారికి ఒక అలవాటు ఉండేది. మాలాంటి పీజీ విద్యార్థులు ఏదైనా సందేహం అడిగితే, పుస్తకంలో దొరికే జవాబైతే ఫలానా పేజీ చూడమనేవారు. పుస్తకంలో లేనిదైతే ఏమీ అనేవారు కారు. "తర్వాతి పేషెంటుని పిలువు" అనేవారు. ఆవిడ మరిచిపోయారని మేము ఊరుకున్నాక, ఏ పది రోజులకో ఎవరో ఒక పేషెంటు దగ్గర ఆ జవాబు దొరికేది.

ఆవిడ గుంటూరులో చర్మవ్యాధుల విభాగం చూస్తున్న రోజుల్లో మా శశిధర్ ఆవిడ దగ్గరే థీసిస్ చేస్తున్నాడు. కొందరు పిల్లలకి పుట్టుకతోనే ముఖం మీద ఎర్రటి మచ్చ ఉంటుంది, ద్రాక్షరసం ఒలికినట్టు. దానికి లేజర్ వైద్యం చేశాక చూడటానికి ముఖం ఎంత బాగుపడిందన్నది ఎలా కొలవాలి? అదీ అతని విషయం. నలభై మంది పిల్లలు, ఒక్కొక్కరికి మూడు కొలతలు. ఎర్రదనాన్ని లెక్కగట్టే మీటరు ఒకటి చెబుతుంది. ముందు తీసిన ఫోటో, తర్వాత తీసిన ఫోటో పక్కపక్కన పెట్టుకుని ముగ్గురు డాక్టర్లు ఒకటి చెబుతారు. ఇంటివాళ్లు పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు.

చాలామందికి ఆ మూడూ దగ్గర దగ్గరగానే వచ్చాయి. చందన అనే తొమ్మిదేళ్ల పాప దగ్గరే చిక్కొచ్చింది. ఎనిమిది సిట్టింగులయ్యాక ఎనభై శాతం తగ్గిందని మీటరు చూపించింది. ముగ్గురు డాక్టర్లూ చాలా బాగుందన్నారు. పాప తల్లి అంకమ్మ మాత్రం పదికి ఒకటి వేసింది. పైగా ఇంకో నాలుగు సిట్టింగులు చెయ్యమని అడుగుతోంది.

"ఏది నిజమని రాయమంటారు మేడమ్?" అని అడిగాడు శశిధర్. "మీటరు తప్పు చూపించడం లేదు, మూడుసార్లు చూశాను. ఆవిడా ఊరికే అంటున్నట్టు లేదు."

హైమవతిగారు ఆ మార్కుల కాగితం చూసి, "వాళ్లిద్దరినీ ఒకసారి రమ్మను" అన్నారు.

అంకమ్మ మిర్చి గోడౌన్లలో తొడిమలు తీసే కూలీ. పని మానుకుని వచ్చింది. కూర్చోమన్నా కూర్చోకుండా, పాప చెంపని దీపం వైపు తిప్పి, "చూడండమ్మా, ఇంకా ఉంది" అంది. నిజానికి అక్కడ లేత గులాబీ నీడ తప్ప ఏమీ లేదు. చందన తల విదిలించుకుని, "నాకు ఇంక వద్దండీ" అంది. "ఆ లైటు చురుక్కుమంటది. ముఖమంతా నల్లగా కమిలి పది రోజులు బడికి పోనియ్యదు మా అమ్మ."

"నువ్వెళ్లి నర్సమ్మ దగ్గర బరువు చూపించుకుని రా" అని పాపని బయటికి పంపారు హైమవతిగారు. తలుపు పడ్డాక మెల్లగా అడిగారు. "అంకమ్మా, ఈ మచ్చ ఎందుకొచ్చిందనుకుంటున్నావు?"

అంకమ్మ తన కుడిచేయి ముందుకు చాపింది.

"ఇదేనండీ. పాప కడుపులో ఉండగా సూర్యగ్రహణం వచ్చింది. కదలకుండా పడుకోమంది మా అత్త. ఆ పొద్దున దాకా మిరపకాయల్లో ఉన్న చేతులండీ, తగిలి చెంప మంటెత్తిపోయింది. తట్టుకోలేక ఒక్కసారి గోక్కున్నా. మా అత్త చూసింది. పాప పుట్టగానే చెంప చూపించి, ఇదిగో నీ చేతిపని అంది. ఆవిడ పోయి ఆరేళ్లు. మా ఆయన ఏనాడూ మాటనలేదు. నాకే... దానికి జడ వేసిన ప్రతిసారీ..."

చాపిన చేతిని కొంగులో దాచుకుంది.

హైమవతిగారు శశిధర్ వైపు తిరిగి, "ఈ మచ్చ ఎప్పుడు మొదలవుతుందో అమ్మకి చెప్పు" అన్నారు. అతను గర్భస్థ దశలనీ, రక్తనాళాలనీ మొదలుపెట్టాడు. "ఆమెకి అర్థమయ్యేట్టు చెప్పు" అన్నారావిడ.

శశిధర్ ఆగి, బల్ల ఇవతలికి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. "అమ్మా, గ్రహణం నాటికి నీకు ఎన్నో నెల?"

"ఐదండీ."

"పాప కడుపులో ఇంకా బొటనవేలంత కూడా లేనప్పుడే ఈ మచ్చకి కారణం పడిపోతుంది. నువ్వు గోక్కునేనాటికి నెలల ముందే అయిపోయింది. నీ చేతి వల్ల రాలేదు. ఎవరి చేతి వల్లా రాదు."

"గోక్కోకపోయినా వచ్చేదా?"

"వచ్చేది."

"నేను ఆరోజు పనిలోకి పోకపోయినా?"

"అయినా వచ్చేదమ్మా."

"మరి మా అత్త..."

"ఆవిడకి మాలాంటి వాళ్లు చెప్పలేదు" అన్నారు హైమవతిగారు. "అది మా తప్పు."

అంకమ్మ గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది. శశిధర్ మంచినీళ్లు తెచ్చి పట్టుకుని నిలబడ్డాడు.

చందన తలుపు తోసుకుని వచ్చింది. "ఇరవై ఆరు కిలోలంట" అని చెప్పబోయి, తల్లిని చూసి ఆగిపోయింది. అంకమ్మ పాపని దగ్గరికి లాక్కుని రెండు చేతులతో ముఖం పట్టుకుంది. చెంప ఒక్కటే కాదు, నుదురూ కళ్లూ గడ్డమూ అన్నీ చూసింది.

"అబ్బ, మీ నాన్న ముక్కు దిగిపోయిందే నీకు" అంది.

వెళ్లే ముందు సిట్టింగుల మాట తనే ఎత్తింది. "చాలు లెండమ్మా. బడికి పోనీయండి." శశిధర్ ఇంకో కాగితం ఇస్తే, ఫోటోలు రెండూ మళ్లీ చూసి ఎనిమిది వేసింది.

వాళ్లు వెళ్లాక శశిధర్ రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాడు. మీటరు అంకె మారలేదు. ఫోటోలు అవే. మధ్యలో గడిచింది అరగంట.

"మేడమ్, ఇప్పుడు ఏ మార్కులు రాయను?"

హైమవతిగారు చేతులు కడుక్కుంటున్నారు.

"రెండూ రాయి. కాకపోతే ఆ మొదటివి చందనకి వేసినవి కావు" అని, తర్వాతి పేషెంటుని పిలవమన్నారు.