పైడమ్మ పన్నూ కొడుకుల ఫోనూ

కోరాడ వారి అన్నదమ్ములు మహా తెలివైనవాళ్ళు. ఆ మాట వాళ్ళే చెప్పుకునేవారు, ఊళ్ళో ఇంకెవరూ అనగా వినలేదు. నోరు అబద్ధమాడుతుంది గానీ గీసిన గీత అబద్ధమాడదని వాళ్ళకెవరో చెప్పారు. అంతే! బొమ్మను ఫోటో తీసి పెడితే గీసినవాళ్ళ మనసులో ఏముందో కంప్యూటర్ చెప్పేసే యాప్ ఒకటి ఫోన్లో ఎక్కించుకున్నారు.

ఓ పొద్దున తల్లి పైడమ్మ అన్నం ముట్టలేదు.

"పన్ను సలిపేస్తందిరా, డాక్టరు కాడికి తీసుకెళ్ళండి," అంది బుగ్గ పట్టుకుని.

"నోటి మాట మాకెందుకే? బొమ్మ గియ్యి," అన్నాడు చిన్నోడు సింహాద్రి.

ఆవిడ విసుక్కుంటూ ఓ ఇల్లూ, పక్కన ఓ మనిషీ గీసి పడేసింది. ఫోన్ దాన్ని చూసి, "ఇంటికి కిటికీల్లేవు. ఈమెకు గాలీ వెలుతురూ కావాలి," అంది. ఇంకేముంది, గునపాలు తెచ్చి పడమటి గోడ కూలగొట్టారు.

"మనిషికి పాదాల్లేవు. ఈమె నేలమీద నిలదొక్కుకోవాలి," అంది మళ్ళీ ఫోన్. అంతే, పెరట్లో గొయ్యి తీసి తల్లిని మోకాళ్ళదాకా పాతిపెట్టారు. పైగా చెంబుడు నీళ్ళు కూడా పోశారు!

"ఓరి సన్నాసుల్లారా, పన్నురా!" అని మొత్తుకుంది పైడమ్మ.

"మనసులో ఎంత బాధుందో, పాపం పన్ను మీద పెట్టేస్తంది," అని పెద్దోడు అప్పలకొండ కళ్ళు తుడుచుకున్నాడు.

వాళ్ళు లోపలికెళ్ళగానే ఆవిడ కాళ్ళు పెరుక్కుని, బస్సెక్కి టౌనుకి పోయి పన్ను పీకించుకుంది.

ఇక్కడ ఫోన్, "నోరు కిందికి వంగింది, దుఃఖం," అంది. సింహాద్రి పెన్ను తీసి బొమ్మ మూతి పైకి వంచాడు. "ఇప్పుడు సంతోషం," అంది ఫోన్. దాని తెలివీ వీళ్ళ తెలివీ సరిగ్గా సరిపోయాయి. సంతోషంగా ఉన్న మనిషికి ఆకలెయ్యదా? చారన్నం కలిపి బొమ్మకి ముద్దలు పెట్టారు. కాగితం నానిపోయింది, తల ఊడిపోయింది. మళ్ళీ ఫోటో తీస్తే, "ఇందులో మనిషి లేదు," అనేసింది ఫోన్.

ఇద్దరూ గొల్లుమన్నారు.

సరిగ్గా అప్పుడే పైడమ్మ గుమ్మంలోకొచ్చింది. "నొప్పి తగ్గిందిరా. కడుపు కాలిపోతంది, ఇంత గంజి పొయ్యండి."

అప్పలకొండ ఆవిణ్ణి కావిలించుకుని భోరుమన్నాడు. "ఏటైపోయావే అమ్మా? ఇక్కడ నువ్వు సచ్చిపోయావే!"

"నేను బతికే ఉన్నానురా!"

సింహాద్రి అప్పటికే పొయ్యిలో నీళ్ళు పోసేస్తున్నాడు. "గంజెలా వస్తాదే? సావింట్లో పొయ్యి ఎలిగించకూడదు. ఈ పూటకి ఓర్చుకో అమ్మా, పోయింది నువ్వే కదా!"