యజమాని లేని తోట

తంగేడుకోట రాజు మల్లభూపతికి ఉన్నట్టుండి ఒక కొత్త పిచ్చి పట్టుకుంది. కంటికి ఏది కనబడినా "దీని యజమాని ఎవరు?" అని అడగడం. పిల్లి ఎదురొచ్చినా అదే ప్రశ్న, గాలిపటం ఎగిరినా అదే ప్రశ్న. జవాబులు వెతకలేక కొలువులో వాళ్ళకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఒకనాటి పొద్దున రాజు కోటగోడ మీద తిరుగుతుంటే నగరం నడిబొడ్డున, పాడుబడ్డ గుర్రపుశాల స్థలంలో, పచ్చని తోట కనిపించింది. జొన్నకర్రలను పట్టుకుని చిక్కుడు తీగలు పాకుతున్నాయి. గట్ల నిండా బంతిపూలు.

"ఎవరిదా తోట?" అన్నాడు రాజు.

పక్కనే ఉన్న ఉద్యానాధికారి వీరభోజుడికి ఒళ్ళు మండింది. ఆ వేసవిలో ఆయన పెంచిన గులాబీలన్నీ మాడిపోయాయి మరి.

"యజమాని లేని తోట లోకంలో ఉంటుందా ప్రభూ! ఎవడో రాజుగారి స్థలం కాజేసి, పేరు చెప్పకుండా దాక్కున్నాడు. వాడికి గుండు కొట్టించి గాడిద మీద ఊరేగించాలి. స్థలం నాకిప్పిస్తే గులాబీలతో నింపేస్తాను."

రాజు వెనక్కి తిరిగి ఆస్థాన హాస్యగాడు కొమ్మనను చూశాడు. "నువ్వు ఆ పేటవాడివే కదా! రేపు యజమానిని చూపించు, వాడికి గాడిద సవారీ. చూపించలేకపోయావో, తోట భోజుడిది."

కొమ్మనకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది. ఒకరిని చూపిస్తే వాళ్ళ పరువు పోతుంది. చూపించకపోతే పేటంతటికీ నోటి దగ్గర కూడు పోతుంది. పోనీ చూపిద్దామన్నా యజమాని అనే మనిషి ఉంటేగా!

ఇంటికెళ్తే భార్య అక్కమాంబ ఇంకో పిడుగు పడేసింది. "తోట పోయిందా, రేపట్నుంచి గులాబీల పులుసే వండుతా. నోరెత్తకుండా తినాలి!"

కొమ్మనకు నిజంగానే భయం వేసింది. కానీ తెల్లారేసరికి నవ్వుకుంటూ లేచాడు. తోటలోకి వెళ్ళి, పాదులు చూసుకునే గురవమ్మ చెవిలో ఏదో చెప్పి, రాజుగారిని, అధికారిని వెంటబెట్టుకొచ్చాడు.

వీరభోజుడు అడుగు పెడుతూనే విచారణ మొదలెట్టాడు.

"ఈ బావి ఎవరు తవ్వారు?"

"కుమ్మరివీధి వాళ్ళు బాబూ. కుండల మట్టికి తవ్వితే నీళ్ళు పడ్డాయి" అంది గురవమ్మ.

"అయితే వాళ్ళే యజమానులా?"

"కాదు బాబూ, తవ్వారంతే."

"ఈ దడి?"

"మేదరివీధి వాళ్ళు అల్లారు."

"విత్తనాలు?"

"మా అమ్మమ్మ నాటివి. బూడిదలో కలిపి ముంతలో దాస్తాం. చారెడు పట్టుకెళ్ళినవాళ్ళు పంటొచ్చాక రెండు చారెళ్ళు తెచ్చి పోస్తారు."

"నీళ్ళు పోసేది?"

"పేటంతా. వంతులేసుకుని."

అధికారి చిరాకుతో చెమటలు కక్కాడు. రాజు కూడా అలసిపోయాడు. అప్పుడు గురవమ్మ ఘుమఘుమలాడే దోసపండు ఒకటి కోసి, ముక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఈ ఏడు పాదుకు పండిన మొదటి పండు అదే.

రాజు చెయ్యి చాచాడు. వీరభోజుడు చటుక్కున అడ్డుపడ్డాడు.

"ఆగండి ప్రభూ! ఏ పండైనా నేను రుచి చూశాకే మీ నోటికి చేరాలి. అది నా హోదా!"

ఒక ముక్క తిన్నాడు. తియ్యగా ఉంది. ఇంకోటి తిన్నాడు. చూస్తుండగానే పళ్ళెం ఖాళీ అయింది.

కొమ్మన చప్పట్లు కొట్టాడు.

"ప్రభూ, యజమాని దొరికాడు! మూతి ఇంకా తుడుచుకోలేదు!"

"ఏమిటీ గోల?" అన్నాడు రాజు.

గురవమ్మ చేతులు జోడించింది. "ఇది మా తాతల నాటి ఆచారం మారాజా. తొలిపండు ఎవరు తింటే మళ్ళీ పండు పండేదాకా వాళ్ళే తోటకు పెద్ద. అందరికంటే ముందు లేచి నీళ్ళు మొయ్యాలి. అందుకే తొలిపండుకు మేమెవరమూ ఎగబడం!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎవరక్కడ! మంగలిని పిలవండి, గాడిదను తోలుకురండి!"

వీరభోజుడు గబుక్కున రాజు కాళ్ళ మీద పడ్డాడు.

"అన్యాయం ప్రభూ! ఒక్క పండు తింటే తోట నాదవుతుందా? బావి తవ్వింది ఒకరు, దడి అల్లింది ఒకరు, విత్తనం దాచింది ఈ ముసలమ్మ, నీళ్ళు పోసింది పేటంతా! ఇది ఒక్కడి సొత్తు ఎలా అవుతుంది? ఇది అందరిదీ!"

కొమ్మన వంగి దణ్ణం పెట్టాడు.

"ఆ మాట నేనంటే పేటవాణ్ణి కాబట్టి అన్నానంటారు ప్రభూ. అందుకే అధికారిగారి చేత అనిపించాను."

రాజు నవ్వు ఆపుకోలేకపోయాడు. "అందరికీ గుండు కొట్టించాలంటే మన మంగళ్ళు చాలరు. గాడిదను వెనక్కి తోలండి. ఈ స్థలం ఇక పేటవాళ్ళందరిదీ!" అంటూ చేతి కంకణం తీసి కొమ్మనకు తొడిగాడు.

వీరభోజుడు హమ్మయ్య అనుకుని జారుకోబోయాడు. గురవమ్మ ఆయన చేతిలో కడవ పెట్టింది.

"తోట అందరిదైనా, పండు తిన్నది మీరొక్కరేగా బాబూ!"

దడి చుట్టూ మూగిన పేటంతా గొల్లున నవ్వింది. రాజుగారే దారిచ్చి అధికారికి బావి చూపించారు.