నాన్న మీద పెట్టిన భయం

బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదువుతున్న హిమబిందుకు చదువులో వంక పెట్టడానికి లేదు గానీ, భయమేసినప్పుడల్లా ఇంట్లోవాళ్ళ పేరు చెప్పి తప్పుకునే అలవాటుండేది. వేదికెక్కి పాడమంటే "అమ్మ ఒప్పుకోదు" అనేది. ఈతకు రమ్మంటే "నాన్న కోప్పడతాడు" అనేది. పాపం, ఆ నాన్న సాంబశివరావు బస్సు కండక్టరు. టికెట్టు తీయనివాణ్ణి కూడా గట్టిగా గదమాయించలేని మనిషి.

మూడో ఏట కాలేజీవాళ్ళు ఒక విద్యార్థిని ఆరు నెలలు జపాన్‌లో చదివిస్తామన్నారు. ఖర్చంతా వాళ్ళదే. పాఠాలు చెప్పే విజయకుమారి మేడం హిమబిందు పేరే రాసింది. హిమబిందుకు వెళ్ళాలనే ఉంది. కానీ భాష రాని చోట ఒక్కతీ ఎలా ఉండాలో తెలియక వారం రోజులు నలిగిపోయింది. చివరికి పాత పాటే పాడింది.

"మా నాన్న వద్దన్నాడు మేడం."

మర్నాడు సాయంత్రం హిమబిందు తండ్రి బస్సులోనే చీరాలకు ఇంటికి బయలుదేరింది. అదే బస్సు మేడం కూడా ఎక్కింది. హిమబిందు అతన్ని నాన్నా అని పిలవడంతో కండక్టరు ఎవరో తెలిసి ఆమె ఉండబట్టలేకపోయింది.

"మీ అమ్మాయికి మీరే అడ్డం పడితే ఎలాగండీ? జపాన్ చదువు వద్దన్నారటగా?"

సాంబశివరావు ఆ సంగతి వినడం అదే మొదలు. కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అతనికి అర్థమైపోయింది.

"ఆడపిల్ల కదండీ, నాకే మనసొప్పలేదు," అన్నాడు మెల్లగా.

"ఇంకా పాతకాలం బుద్ధులే," అంది వెనక సీట్లో పెద్దావిడ. తలో మాటా అన్నారు. అతను టికెట్లు కొట్టుకుంటూ ముందుకు వెళ్ళాడు.

ఆ మొహం చూసి హిమబిందుకు ఏడుపు ఆగలేదు. లేచి నిలబడింది.

"మా నాన్నకు ఈ సంగతే తెలియదు మేడం. భయం నాది."

మేడం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"పొద్దున్నే నీ బదులు ఇంకో అమ్మాయి పేరు పంపేశానమ్మా. భయమంటే ధైర్యం చెప్పేదాన్ని. నాన్న వద్దన్నాడంటే నేనేం చేయను?"

చీరాలలో దిగాక హిమబిందు తండ్రిని అడిగింది.

"చేయని తప్పుకు అన్ని మాటలెందుకు పడ్డావు నాన్నా?"

"నలుగురిలో నువ్వు పడకూడదని," అన్నాడతను. "నాకు భయం, వెళ్ళనని నువ్వే చెప్పినా నేనేమీ అనేవాణ్ణి కాదమ్మా."

వెళ్ళడమో మానడమో ఎవరిష్టం వాళ్ళది. కానీ మన భయాన్ని ఇంకొకరి నెత్తిన పెడితే, వచ్చిన అవకాశమూ పోతుంది, మనల్ని ప్రేమించేవాళ్ళకు నిందా మిగులుతుంది.