చల్లటి బర్నరు

ఉరుకుందుకు ఒక సిద్ధాంతం ఉండేది. ఒంట్లో బలం బిందెలో నీళ్ళలాంటిది. కుస్తీకి ముందే దండాలనీ బస్కీలనీ ఒలకబోసుకుంటే, గోదాలోకి దిగేసరికి అడుగున చెంబెడు కూడా మిగలదు. ఈ సిద్ధాంతాన్ని కనిపెట్టింది ఉరుకుందే. నమ్మిందీ అతనొక్కడే.

అందుకని ఆదోని కుస్తీ తాలింఖానాలో పొద్దున్నే తోటివాళ్ళంతా గోదా చుట్టూ మెల్లగా పరుగెడుతూ, దండాలు తీస్తూ ఒళ్ళు వేడి చేసుకుంటుంటే, అతను అరుగు మీద గోడకానుకుని తన బలానికి కాపలా కాస్తూ కూర్చునేవాడు. ఉస్తాద్ మదార్ సాహెబ్ ఒకటి రెండుసార్లు చెప్పి చూశాడు. తర్వాత చెప్పడం మానేశాడు.

దర్గా ఉరుసు దగ్గరపడింది. ఉరుసు కుస్తీలకు తాలింఖానా తరఫున వెళ్ళేది ఒక్కరే. ఉరుకుందా, లింగన్నా అన్నది తేల్చడానికి ఉస్తాద్ ఇద్దరికీ పట్టు పెట్టాడు. లింగన్న సన్నటి మనిషి. దిగకముందే చెమటతో తడిసి ఉన్నాడు. ‘పాపం, అప్పుడే సగమైపోయినాడు’ అని జాలిపడుతూ దిగాడు ఉరుకుందు.

ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు. గట్టిగా రెండు తోపులు తోశాడో లేదో తొడలు భగ్గుమన్నాయి. కాళ్ళు ఇనుప గుండ్లయ్యాయి. ఊపిరి ఎటు పోయిందో తెలియలేదు. కాసేపటికి దమ్ము దారికొచ్చిన మాట నిజమే. కానీ అప్పటికి అతను వెల్లకిలా పడి ఆకాశాన్ని చూస్తున్నాడు.

“ఇది లెక్కలోకి రాదు ఉస్తాద్,” అన్నాడు మట్టి దులుపుకుంటూ. “ఇంకోసారి పెట్టు.”

“రేపు పెడతా. దాంతో తేలిపోవాల,” అన్నాడు ఉస్తాద్.

సాయంత్రం ఉరుకుందు ఉస్తాద్ గదికి వెళ్ళాడు.

“నేను బలమంతా దాచుకునే దిగితి. వాడేమో ముందే ఖర్చుపెట్టుకున్నాడు. మళ్ళా నాకెందుకు ఆయాసమొచ్చె? పాలు చాలడం లేదంటావా? బాదం చాలడం లేదా?”

“కూర్చో నాయనా. ముందు టీ తాగుదాం,” అని ఉస్తాద్ కిరసనాయిలు పంపు స్టవ్వు దగ్గరికి లాక్కున్నాడు.

ఆ స్టవ్వు రోజూ వెలిగించేది ఉరుకుందే. ఇంకొకరు చెయ్యి పెడితే ఒప్పుకునేవాడు కాదు. బర్నరు కిందున్న గిన్నెలో కాస్త స్పిరిట్టు పోసి, అంటించి, బర్నరు బాగా కాగేదాకా ఆగి, ఆ తర్వాతే పంపు కొట్టేవాడు.

ఉస్తాద్ స్పిరిట్టు సీసా వైపు కూడా చూడలేదు. ఉన్న బలమంతా పెట్టి టకటకా పంపు కొట్టి, అగ్గిపుల్ల గీశాడు.

పసుప్పచ్చటి మంట ఎగిసిపడింది. గదంతా పొగ. స్టవ్వు మీది టీ గిన్నెకు నల్లటి మసి.

ఉరుకుందు ఒక్క దూకు దూకి గాలి వదిలే మర తిప్పేశాడు. “ఏం పని ఉస్తాద్ ఇది! గడ్డం అంటుకొనుంటే?”

“నూనె తక్కువైందేమో,” అన్నాడు ఉస్తాద్ దగ్గుతూ.

“నూనె నిండుగుంది.”

“అయితే గాలి చాల్లేదు. ఇంకా గట్టిగా కొట్టనా?”

“కొట్టేకొద్దీ పొగే వస్తాది! బర్నరు చల్లగుంటే ఎంత నూనె ఉంటే ఏం, ఎంత కొడితే ఏం? అది వేడెక్కితేనే కదా నూనె సక్కగా మండి నీలం మంట...”

అక్కడ ఆగిపోయాడు.

ఉస్తాద్ చేతుల మసి తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ఆ వీధిని కొత్తగా కట్టినట్టు.

ఉరుకుందు గిన్నె పట్టుకుని బయటికెళ్ళి, బూడిద పెట్టి తోమాడు. మసి ఒక పట్టాన వదల్లేదు.

మర్నాడు పొద్దున ఉస్తాద్ ఇద్దర్నీ గోదాలోకి పిలిచాడు. లింగన్న వచ్చి నిలబడ్డాడు. ఉరుకుందు గోదా చుట్టూ పరుగెడుతున్నాడు. చెమట ముక్కు కొసనుంచి కారుతోంది.

“ఇంకొంచెంసేపు ఉండు ఉస్తాద్,” అన్నాడు ఆగకుండానే.

ఉస్తాద్ గట్టు మీద తీరిగ్గా కూర్చున్నాడు. లింగన్న వైపు వంగి మెల్లగా అన్నాడు:

“ఈరోజు నువ్వు కాస్త చూసుకోప్పా.”